మా ఆవిడ గుండెకు మెడికల్

మా ఇంట్లో డాక్టరు దగ్గరికి వెళ్ళేది జబ్బు చెప్పుకోవడానికి కాదు, పాసవడానికి. నవ్వితే నవ్వండి, నాకేం! ముప్పై ఏళ్ళకు పైగా రైలింజను నడిపినవాణ్ణి. మెడికల్ అన్న మాట చెవిన పడితే ఇప్పటికీ ఉప్పు డబ్బా పక్కకు జరుపుతాను.

తెలియనివాళ్ళకు చెబుతాను. డ్రైవరు ఉద్యోగంలో కొన్నేళ్ళకోసారి రైల్వే ఆస్పత్రికి పిలిచి ఒళ్ళంతా పరీక్ష చేస్తారు. కళ్ళు, చెవులు, బీపీ, షుగరు, ఏదీ వదలరు. అన్నీ సరిగ్గా ఉంటే 'ఫిట్' అని రాసి పంపుతారు. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఇంజను దించేసి షెడ్డులో కూర్చోబెడతారు. అందుకని కలకత్తా దగ్గర లిలువాలో మా క్వార్టర్ల వరసలో ఎవరికి మెడికల్ వచ్చినా వరసంతటికీ వచ్చినట్టే. వారం ముందు నుంచీ ఆ ఇంట్లో ఉప్పు బంద్, ఊరగాయ బంద్. ఆ మనిషిని ఎవరూ పెళ్ళిభోజనానికి పిలిచేవారు కాదు. పక్కింట్లో పిల్లలు గోల చేస్తే వాళ్ళ అమ్మే వచ్చి చెవి మెలిపెట్టి తీసుకుపోయేది.

ఈ విద్యలో మా ఆవిడ ఆరితేరిపోయింది. పొద్దున్నే కాకరకాయ రసం, మధ్యాహ్నం చప్పిడి పప్పు, చీకటి పడగానే నిద్ర. వాటన్నిటికంటే కష్టమైనది కోపం మానడం.

"ఈ వారం మీకు కోపం బంద్. కోపమొస్తే బీపీ పెరుగుద్ది. మీరేటన్నా అరవాలనుకుంటే రాసుకోండి, మెడికలయ్యాక అరుద్దురు గాని," అనేది.

నన్ను కోప్పడొద్దనడం కాకిని అరవొద్దనడమే. అయినా ఆవిడ మాట జవదాటలేదు. రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా నన్ను షెడ్డులో కూర్చోబెట్టలేదు. ఆ ఘనత ఆవిడదే, కాదనను. మా శ్రీకాకుళం చుట్టాలందరికీ ఆవిడే చెప్పుకుంది కాబట్టి నేను కాదన్నా ఎవరూ నమ్మరు.

నేనింకా షాలిమార్ యార్డు నుంచి గూడ్సు నడుపుతున్న రోజుల్లోనే ఆవిడకు కీళ్ళవాతం పట్టుకుంది. వయసుతో వచ్చే మోకాళ్ళ నొప్పి కాదిది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే రకం. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాం? పొద్దున లేచేసరికి వేళ్ళు వాచి, గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చేది. కొళాయి తిప్పడం నా పని, సీసా మూత తీయడం నా పని. అలా తీసిన ప్రతిసారీ "నేనే వొదులు సేసినాను, మీకు సులువుగా వొచ్చీసింది," అనేది. పౌరుషానికేం తక్కువ లేదు.

ఊరికి దక్షిణాన ఒక ఆస్పత్రిలో ఆవిడను చూసే కీళ్ళ డాక్టరమ్మ బెంగాలీ పిల్ల, మా అమ్మాయి వయసు. మా ఆవిడను 'మాషీమా' అని, అంటే పిన్నిగారూ అని పిలుస్తుంది. మేం ముగ్గురం మాట్లాడుకునేది బెంగాలీలోనే అయినా ఇక్కడ మన భాషలోనే రాస్తున్నాను. లోపలికి వెళ్ళగానే ఆ పిల్ల మొదటి ప్రశ్న, "ఎలా ఉన్నారు మాషీమా?" మా ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే, "బాగున్నాను." వేళ్ళు నొక్కి చూస్తే వాపుండేది కాదు. రక్తపరీక్ష చూస్తే మంటా వాపూ చల్లారినట్టే ఉండేది. "అబ్బ, మందు ఎంత బాగా పనిచేస్తోందో!" అని డాక్టరమ్మ సంబరపడేది. మా ఆవిడ నా వైపు తిరిగి, చూశారా అన్నట్టు కనుబొమలెగరేసేది. ఇంటికొచ్చిన రెండు వారాలకు మళ్ళీ మూలుగు మొదలు. నేను మాత్రం, పోనీలే, చూపించుకునే వారమన్నా దేవుడు చల్లగా చూస్తున్నాడు అనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా మా అమ్మాయి కడుపుతో ఉందని తెలిసింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. న్యూ టౌన్‌లో ఎనిమిదో అంతస్తులో ఉంటారు అమ్మాయీ అల్లుడూ. ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలే. ఫోనులో ఆ కబురు విని మా ఆవిడ ఏడ్చింది, నవ్వింది, దేవుడి గదిలోకి వెళ్ళి మళ్ళీ ఏడ్చింది. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని ఒకటే మాటంది.

"బిడ్డకి నీళ్ళు నేనే పోస్తాను."

చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు రెండూ చాపి, పసిబిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె మర్దించి, సున్నిపిండి రుద్ది, వేణ్ణీళ్ళు పోయడం మనవాళ్ళకు కొత్త కాదు. మా ఆవిడ క్వార్టర్ల వరసలో సగంమంది పిల్లలకు అలా పోసింది. బెంగాలీ వాళ్ళు కూడా తెచ్చి ఆవిడ కాళ్ళ మీద పెట్టేవారు. కానీ మా అమ్మాయి తల్లి చేతులు చూసిన పిల్ల. "అమ్మా, నువ్వు కింద కూర్చుంటే లేవలేవు. ఆయాలను పంపే సెంటర్ నుంచి ఒకామెని పెట్టుకుంటాను. నువ్వు దగ్గరుండి చెప్పు చాలు," అంది. దానికి మా ఆవిడ మొహం మాడిపోయింది. "డాట్రమ్మ సేత ఫిట్టనిపించుకునొస్తాను, అప్పుడేటంటావో సూస్తాను," అని ఫోను పెట్టేసింది.

ఆ తరవాతి సారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొత్త మాటొకటి చెప్పింది. ఈ కీళ్ళవాతం ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు గుండె కండరం చప్పుడు చేయకుండా నీరసిస్తుందట. నొప్పి ఉండదు, ఆయాసం కూడా మొదట్లో తెలియదు. బయటపడే నాటికి ఆలస్యమైపోతుంది కాబట్టి ముందే చూసుకోవడం మంచిదని గుండెకు ఎకో రాసింది. మామూలు ఎకోతో పాటు కండరం ఎంత సాగి ఎంత ముడుచుకుంటోందో కొలిచే పరీక్ష కూడా చేయమంది.

ఇంకేం, మా ఇంట్లో మళ్ళీ మెడికల్ వారం వచ్చింది! గుండెకి ఏమేం మానాలో మా ఆవిడ పాత ఇరుగుపొరుగులందరికీ ఫోను చేసి కనుక్కుంది. ఉప్పు మానింది, టీ మానింది, మెట్లెక్కడం మానింది. మధ్యాహ్నాలు మంచం మీద మహారాణిలా పడుకుని నా చేత వంట చేయించింది. ఉప్పులేని ఆ పప్పు నేనూ తిన్నాను. ఎవరికి మెడికలో, ఎవరికి శిక్షో!

పరీక్ష రోజున ఆవిడకు చేయి పైకెత్తడం కష్టమని నన్ను కూడా గదిలోకి రానిచ్చారు. గుండె డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషి. ఎడమ పక్కకు తిరిగి, చేయి తల కింద పెట్టుకోమన్నాడు. ఆ భుజం ఎంత సలుపుతుందో నాకు తెలుసు. ఆవిడ మాత్రం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు నవ్వుతూనే ఉంది. చల్లటి జెల్లు రాసి, పక్కటెముకల మధ్య యంత్రం చివర ఆనించి, "ఊపిరి బిగపట్టండి," అన్నాడాయన. బిగపట్టింది. ఆయన బొమ్మ తీసుకుని, "వదిలేయండి," అన్నాడు. వదల్లేదు! మొహం ఎర్రబడిపోతున్నా కళ్ళు పైకెట్టి అలాగే ఉంది. "మాషీమా, చాలు, వదలండి, వదలండి!" అని ఆయన లేచి నిలబడ్డాక అప్పుడు వదిలింది. వదిలి, "ఇంకా ఆపగలను," అంది. ఏం చెప్పమంటారు, గుండె డాక్టరు నా వైపు చూశాడు, నేను గోడవైపు చూశాను.

కాసేపటికి ఆయన, "గుండె పంపింగ్ బాగుంది," అన్నాడు. మా ఆవిడ లేచి జాకెట్టు సర్దుకుంటూ, "ఫిట్టేనా?" అంది. ఆయన తెర మా వైపు తిప్పాడు. గుండె గోడ మీద ఇసుక చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ చుక్కలు ఎంత దగ్గరికొచ్చి ఎంత దూరం పోతున్నాయో యంత్రం కనిపెడుతుందట. చివరికి ఒక గుండ్రటి రంగుల బొమ్మ వచ్చింది. చాలా మేర ముదురు ఎరుపు. ఒక పక్కన మాత్రం పాలిపోయిన గులాబీ రంగు.

"ఇక్కడ కొన్ని కండరపు పోగులు పని తగ్గించాయి. మిగతావి ఆ లోటు పూడుస్తున్నాయి. అందుకే మొత్తం మీద పంపింగ్ బాగానే కనిపిస్తోంది," అన్నాడు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. బండి టైముకే వస్తోంది, కానీ ఇంజను మామూలు కంటే ఎక్కువ లాగాల్సి వస్తోంది. స్టేషన్లో నిలబడి గడియారం చూసుకునేవాడికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. ఈ మనిషి లేకపోతే నాకెవరున్నారు అన్న ఆలోచన అంత సూటిగా అంతకుముందెప్పుడూ రాలేదు. డాక్టరు మాత్రం కంగారు పడొద్దన్నాడు. ఇప్పుడే కనిపించింది కాబట్టి వెనక్కి మళ్ళించే అవకాశం ఉందనీ, కీళ్ళ డాక్టరమ్మను వెంటనే కలవమనీ చెప్పాడు.

డాక్టరమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. మా ఆవిడ వేళ్ళు నొక్కింది, వాపు లేదు. రక్తపరీక్ష చూసింది, శుభ్రంగా ఉంది.

"నాకు లెక్క కుదరడం లేదు. కీళ్ళలో వేడి లేదు, రక్తంలో వేడి లేదు. మరి గుండెను ఏది అలసిపోయేలా చేస్తోంది? మాషీమా, నేను మిమ్మల్ని మీ మంచి రోజుల్లోనే చూస్తున్నానా? ఇక్కడికొచ్చే ముందు ఏమైనా వేసుకుంటారా?"

"ఏటీ నేదు," అంది మా ఆవిడ. అంటూనే కొంగు భుజం మీదకు లాక్కుని సర్దుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. నలభై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఆ కొంగు సర్దుకోవడం చాలదూ!

బయట బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. నేల చూస్తూ చెప్పింది. ఎప్పుడో కాలనీ డాక్టరు రాసిచ్చిన స్టీరాయిడ్ బిళ్ళలట. చూపించుకోవడానికి గానీ పరీక్షకు గానీ వెళ్ళే ముందు వారం రోజులూ అవి అదనంగా మింగుతుందట. మా వీధి మందుల దుకాణం దాదా, అంటే అన్నగారు, చీటీ అడగకుండానే పొట్లం కట్టి ఇచ్చేస్తాడట. వాపు దిగిపోతుంది, రక్తం బాగుంటుంది, డాక్టరమ్మ మందు పెంచదు. మా ఆవిడ పాసు!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆస్పత్రి అని కూడా చూడలేదు. "నీకు బుద్ధుందా? రోగం దాచి డాక్టరు చేత మార్కులు వేయించుకుంటావా? అది రైల్వే మెడికల్ అనుకున్నావా?" అని కేకలేశాను. ఎదురు బెంచీలో ముసలాయన చదువుతున్న పేపరు దించాడు.

"అరవకండి, బీపీ పెరుగుద్ది," అంది ఆవిడ. ఆ మాట అలవాటుగా వచ్చేసింది పాపం. తరవాత నా వైపు తిరిగింది. "అన్‌ఫిట్టంటే ఏటవుద్దో మీకు తెల్దేటి? కూకోబెట్టీస్తారు. అమ్మడు ఆయానెడతానంటంది. ఇన్నాళ్ళూ ఊరందరి బిడ్డలకీ పోసినాను. నా కూతురి బిడ్డని ఎవులో తెచ్చి ఎవులి కాళ్ళ మీదో ఏస్తుంటే నాను కుర్చీలో కూకుని సూడాలేటండీ?"

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. అయినా తగ్గలేదు నేను. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. "మీరే సెప్పండి, నాకు సిగ్గేస్తంది," అంది. మళ్ళీ లోపలికి వెళ్ళి నేనే చెప్పాను. ఆవిడ తల వంచుకుని చేతిసంచీ జిప్పు అటూ ఇటూ లాగుతూ కూర్చుంది.

తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల ముందు ఫక్కున నవ్వింది. "మా అమ్మ కూడా ఇంతే మాషీమా. పనిమనిషి వచ్చే ముందు ఇల్లంతా తనే ఊడ్చేస్తుంది," అంది. తరవాత నవ్వు మానేసి, "కానీ నేను చూడాల్సింది ఆ చెత్తే కదా. మీరు ఊడ్చేసి వస్తుంటే నేను చిన్న మందులే రాస్తూ వచ్చాను. వాపు మాత్రం లోపల గుండె మీద పనిచేస్తూనే ఉంది," అంది. బిళ్ళలు ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, ఎలా తగ్గించుకుంటూ రావాలో రాసిచ్చింది. వాతం అణిగేందుకు కొత్త మందు, బీపీకి మందు, రోజూ నడక. కొన్ని నెలల తరవాత మళ్ళీ ఎకో.

లేవబోతూ మా ఆవిడ, ఎవరి సంగతో అడుగుతున్నట్టు, "కింద పీట మీద కూకుని లెగొచ్చా?" అంది. డాక్టరమ్మకు అసలు విషయం నేను చెప్పాను. ఆమె చీటీ మడిచి ఇస్తూ, "ఇప్పుడే వద్దనను. మందును పని చేయనివ్వండి. వచ్చేసారి గుండె ఎలా ఉందో, మీరెలా ఉన్నారో చూసి చెబుతాను," అంది.

అలా ఆ స్నానం సంగతి వచ్చే పరీక్ష మీద ఆగింది. నేను ప్రతి పూటా మందు ఇచ్చి, మింగిందాకా ఎదురుగా నిలబడ్డాను. "నన్ను నమ్మరేటి?" అంటే, "నమ్మను," అనేవాణ్ణి. సాయంత్రాలు రైల్వే మైదానం చుట్టూ నడిచేవాళ్ళం. ఆవిడ మెల్లగా, నేను ఇంకా మెల్లగా. వంటలో ఉప్పు వేసుకున్నాం, కొంచెమే అయినా. నెలలు గడిచేకొద్దీ పొద్దున గ్లాసు ఒక చేత్తో పట్టుకోవడం మొదలెట్టింది. నేను చూడనట్టు నటించాను.

చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. మేం న్యూ టౌన్‌కు మకాం మార్చాం. మా అమ్మాయి మెత్తబడింది. తల్లి వేళ్ళు చూసి, "సరే, పరీక్ష అయ్యేదాకా నువ్వే నీళ్ళు పొయ్యి. డాక్టరు వద్దంటే మాత్రం ఆయానే," అంది. మా ఆవిడ పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుంది. అంత సంతోషం ఆవిడ మొహంలో మా పెళ్ళిరోజున కూడా లేదు. ఉన్న మాటే చెబుతున్నాను. నీళ్ళు పడగానే ఆ గుప్పెడు పిల్ల కేరుమంటే, "అరిసీ, అరిసీ, మీ తాత పోలికే!" అని ఆవిడ నవ్వేది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాణ్ణి. బాగుంది బతుకు అనిపించేది.

పరీక్ష రోజు వచ్చింది. ఈసారి ఏ ఉపవాసమూ లేదు. పొద్దున ఉప్మా తిని, టీ తాగి బయలుదేరాం. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టింది, వదలమంటే వదిలింది. గుండె డాక్టరు తెర తిప్పి చూపించాడు. పాలిపోయిన పక్క కొంచెం రంగు తిరిగింది. పూర్తిగా కాదు గానీ దారిలో పడిందన్నాడు. నాకు ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను కూడా. నడవాలో నడుస్తూ మా ఆవిడ, "సూసినారా! పాసే!" అంది.

కీళ్ళ డాక్టరమ్మ ఆ బొమ్మ చూసి మొహం విప్పార్చింది. రక్తపరీక్ష కూడా ఆ బిళ్ళల సాయం లేకుండానే బాగుందంది. ఇక 'బాగున్నాను' అని ఒక్క మాట అంటే చాలు. స్నానం మా ఆవిడదే. అమ్మాయి నోరెత్తదు, ఆయా రాదు.

"ఎలా ఉన్నారు మాషీమా?"

మా ఆవిడ నోరు తెరిచింది, మూసింది. నా వైపు చూసింది. ప్రమాణం చేసి చెబుతున్నాను, నేను కనుసైగ కూడా చేయలేదు.

"బాగోనేదు," అంది.

డాక్టరమ్మ కలం కిందపెట్టింది.

"మునుపటంత కాదు. గానీ బాగోనేదు. నిన్న బిడ్డకి నీళ్ళు పోసి లెగబోతే లెగలేకపోనాను. మా అమ్మాయీ ఈయనా సెరో పక్కా పట్టుకుని లేపినారు. పొద్దుట ఏళ్ళు బిగుసుకుపోయుంటాయి, టీ తాగిందాకా ముడుసుకోవు. బిడ్డ జారిపోద్దేమోనని నాకు బయంగా ఉంటాది. ఆ బయం సంగతి ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పనేదు." అక్కడాగి, కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీరు వొద్దంటే మానీస్తాను. అయినా సెప్పాలి కదేటి."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని ఆ వేళ్ళు తన చేతిలోకి తీసుకుంది. నొక్కి చూడటానికి కాదు, ఊరికే పట్టుకుంది. "స్నానం మానమని ఎవరన్నారు? పీట ఎత్తు పెంచుదాం. పొద్దున కాదు, వేళ్ళు సడలాక పోయండి. బిడ్డను ఎత్తి కాళ్ళ మీద పెట్టడం, తీయడం ఇంకొకళ్ళు చేయాలి. మందు కూడా కొంచెం మారుస్తాను. ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది," అంది మా ఆవిడ. "సానా ఉంది. సెప్పమంటారా?"

"చెప్పండి."

నేను ఆవిడ చేతిసంచీ నా ఒళ్ళోకి తీసుకుని, వెనక్కి చేరబడి కూర్చున్నాను. నడుంనొప్పితో మొదలెట్టింది.